దుంకుడు రైలు బోణి

పోయిన మాఘంలో హన్మకొండలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన మా పుట్టిల్లు ఎక్కడ, మా తండ్రి ఏం చేసేవాడు అని ఆరా తీసి తీసి, ఒక్కసారిగా విస్తరి మీది చెయ్యి గాల్లోకి లేపాడు.

"ఆఁ! దుంకుడు రైలు మేస్త్రీ బిడ్డవా నువ్వు? అబ్బబ్బ, ఏం మజా ఉండె తల్లీ! మేం ఏడుస్తే మా నాయన దాని మీదికే తీస్కపోతుండె. అసొంటిది మళ్ల రాలే మన దిక్కు."

ఎదురు వరుసలో ఇంకెవరో అందుకున్నారు. తామూ ఎక్కామనీ, ఇప్పుడు హైదరాబాదులో పార్కుల్లో ఉన్నవేవీ దాని ముందు పనికిరావనీ చెప్పుకుని మురిసిపోయారు. పప్పుచారు గిన్నె నా దాకా రాకముందే నేను చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఎక్కడికి పోయినా ఇదే గోల. ఆ బండి ఆగిపోయి ఇన్నేళ్ళయినా వరంగల్లు వాళ్ళకు దాని మీద మోజు పోలేదు, నాకు దాని మీద మంట ఆరలేదు.

మీకు మజానే. మీరు ఎక్కింది అప్పటికే తిరిగి వచ్చిన బండి. ప్రతి సాయంత్రం దాన్ని మొదటిసారి ఎక్కింది నేను. అందులో ఏం తేడా ఉందో చెబుతాను. విన్నాక కూడా మజా అంటే మీ ఇష్టం.

మా బాపుకు వరంగల్లు నుంచి హన్మకొండ పోయే దారిలో వెల్డింగు దుకాణం ఉండేది. గేట్లు, కిటికీ ఊచలు, బండి ఇరుసులు చేసేవాడు. పని బాగా వచ్చు, కాదనను. కానీ మనిషికి గేట్లు చేసి బతకడం చిన్నతనం. ఒకసారి ఏదో పని మీద హైదరాబాదు పోయి, అక్కడ ఒక దుకాణం గోడకు ఉన్న పాత విదేశీ క్యాలెండరు అడిగి తెచ్చుకున్నాడు. అందులో ఒక పేజీలో పట్టాలు గుట్టల్లా ఎక్కి దిగుతున్నాయి, వాటి మీద డబ్బాల్లో తెల్లవాళ్ళు చేతులెత్తి నోళ్ళు తెరిచి ఉన్నారు. "సూడు, ఎట్ల నవ్వుతాన్రో" అని బాపు దాన్ని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించేవాడు. నేను దగ్గరగా చూశాను. వాళ్ళు నవ్వడం లేదు, అరుస్తున్నారు. ఆ మాట చెబితే నెత్తిన మొట్టాడు.

డెబ్భైల నడుమ సంగతి ఇది. కాజీపేటలో పాత ఇనుము వేలం వేస్తే చిన్న చక్రాలు కొనుక్కొచ్చాడు. సన్న పట్టాలు ఎక్కడెక్కడివో పోగేశాడు. మంటలో కాల్చి వంచి, అతికి, దుకాణం వెనక ఖాళీ జాగాలో నెలల తరబడి అదే పని. చివరికి తయారైంది: మా పెంకుటింటి మీద ఇంకో పెంకుటిల్లు పెట్టినంత ఎత్తుకు ఎక్కి, అక్కడి నుంచి దిగి, మూడు మిట్టలు దుంకి, గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే ఇనుపదారి. దాని మీద ఒకదానికొకటి తగిలించిన రేకు డబ్బాలు. బోర్డు మీద "ఎగిరే రైలు" అని ఎర్ర రంగుతో రాయించాడు. జనం చదివితే కదా. ఎగరడం లేదు దుంకుతాంది అని మొదటి రోజే తేల్చేసి, దుంకుడు రైలు అని పేరు పెట్టేశారు.

దాన్ని పైకి లాగడానికి కరెంటు మోటారు పెడదామనుకున్నాడు కానీ జాతరల్లో కరెంటు ఎక్కడిది? అందుకని రఘునాథపల్లి దిక్కు నుంచి ఒక మోట కొట్టే ముసలాయనను, ఆయన ఎడ్ల జతను తెచ్చాడు. మోట అంటే ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. ఎడ్లు ముందుకు నడిస్తే తాడు లాగబడి బావిలోంచి తోలు బొక్కెన నీళ్ళతో పైకి వస్తుంది, వెనక్కి అడుగులేస్తే కిందికి దిగుతుంది. పల్లెల్లో బావులకు మోటార్లు వచ్చిపడి ఆయనకు పని పోయింది. మా దగ్గర ఆ ఎడ్లు అదే నడక నడిచేవి, కాకపోతే నీళ్ళకు బదులు మనుషులు పైకి పోయేవాళ్ళు. శిఖరం మీద కొక్కెం ఊడి డబ్బాలు తమంతట తాము కిందికి పడేవి. ఆయనను నేను మోట తాత అనేదాన్ని. మంచివాడే. కాకపోతే బాపుకున్న పిచ్చే ఆయనకూ ఉంది.

ఆ పిచ్చి పేరు బోణి.

బోణి ఎవరు నమ్మరు చెప్పండి? కూరగాయలమ్మే ఆమె కూడా మొదటి బేరం ఊరికే పోనివ్వదు. కానీ మా బాపుది అందరి లెక్క కాదు. పొద్దున మొదట వచ్చినవాడు పని ఇవ్వకుండా వెళ్ళిపోతే ఆ రోజు ఇంట్లో పిల్లలం ఆయన కంట పడకుండా తిరిగేవాళ్ళం. అదే లెక్క రైలుకూ పెట్టాడు. రోజూ మొదటిసారి తిరిగే బండి ఖాళీగా తిరగకూడదు. ఖాళీ తిరిగితే ఆ రోజంతా ఖాళీయే. మంచి చెయ్యి, మంచి కాలు ఉన్న మనిషి ఎక్కి దిగితేనే జనం విరగబడతారు. నేను పుట్టిన వారం దుకాణానికి పెద్ద పని ఏదో వచ్చిందట. దాంతో నా కాలు మంచిదైపోయింది. దాని ఫలితం చూడండి.

ఎగ్జిబిషన్ మైదానంలో మొదటి సాయంత్రం నాకు పట్టు లంగా కట్టి, కనకాంబరాలు పెట్టి, చక్రాలకు పసుపు కుంకుమ పూసి, కొబ్బరికాయ కొట్టి, నన్ను ఎత్తి ముందు డబ్బాలో కూర్చోబెట్టారు. నాకప్పుడు పళ్ళు ఊడే వయసు. ఒళ్ళో పడేలా ఒక ఇనుప కడ్డీ దింపారు. అది పెద్దవాళ్ళ తొడలను పట్టుకునేందుకు చేసింది. నాకూ దానికీ మధ్య ఒక దిండు పట్టేంత సందు.

"బుగులు పడకు బిడ్డా. నీ కాలు మంచిది. నవ్వుకుంట పోయి నవ్వుకుంట రావాలె" అన్నాడు బాపు.

మోట తాత నాలుకను అంగిటికి కొట్టి, గొంతులోంచి "హొహోయ్" అని సాగదీశాడు. ఎడ్లు నడిచాయి. డబ్బా కుదుపుతో వెనక్కి వాలి పైకి పోయింది. పైన ఒక్క క్షణం ఆగేది. అక్కడి నుంచి మిల్లు పొగగొట్టం, భద్రకాళి దిక్కు గుట్టలు కనిపించేవి. ఆ అందం చూసే స్థితి నాది కాదు. ఠక్కున కొక్కెం ఊడేది. ఆ మొదటి రోజు రెండో మిట్ట మీద నా ఒళ్ళు పీట వదిలి లేచింది. కడ్డీని పట్టుకుని వేలాడాను. దిగినప్పుడు పీట మీద పడ్డ చప్పుడుకు జనం చప్పట్లు కొట్టారు.

అలా ఎన్ని సాయంత్రాలో నేను చెప్పలేను. వేసవిలో వరంగల్లులో, శివరాత్రికి పాలకుర్తి గుట్ట కింద, పత్తి అమ్ముకున్న రైతుల చేతుల్లో డబ్బు ఆడే రోజుల్లో నర్సంపేటలో. ఎక్కడికి పోయినా విప్పి లారీలో వేసుకుని పోవడం, మళ్ళీ బిగించడం. బిగించినప్పుడల్లా ఏదో ఒకటి వదులుగా ఉండేది. పగలంతా ఎండకు కాగిన ఇనుము, రాత్రి పోరగాండ్లు పట్టాల్లో ఇరికించిన రాళ్ళు, సరిగా కూర్చోని బోల్టు. ఇవన్నీ ఎవరికి ముందు తెలియాలి? మొదట ఎక్కినవాళ్ళకు. ఒకసారి రాయి తగిలి నా గడ్డం పగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. బండి ఆగగానే బాపు పరుగెత్తుకొచ్చేవాడు. నా ముఖం చూసేవాడు కాదు, వంగి చక్రాలు చూసేవాడు. బోల్టులు బిగించే పాన తీసుకుని ఎక్కడ శబ్దం వచ్చిందో అక్కడికి పోయేవాడు. ఆ తర్వాత టిక్కెట్లు తెగేవి, మీరంతా ఎక్కేవాళ్ళు, మీకు మజా వచ్చేది.

మా అమ్మకు తెలియదా? తెలుసు. కానీ ఆమె మొగుడి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. నా జడ ఊడకుండా రిబ్బన్లు గట్టిగా బిగించేది, అంతే. ఆ రిబ్బన్ల వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. అప్పుడు అమ్మ మీద కూడా నాకు కోపమే.

ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. బాపు అక్క, మా మేనత్త. చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. తల్లి లేని మా బాపును చంకనేసుకుని పెంచింది ఆమే. ఆ పెంపకానికి ఆయన చూపిన మర్యాద ఏమిటంటే, ఆయన బయటికి బయల్దేరేటప్పుడు ఆమె ఎదురు రాకూడదు. చెప్పుల చప్పుడు వినబడగానే ఆమె చేతిలో పని చేతిలోనే వదిలి వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. కాసేపటికి లోపలి నుంచి సన్నగా అడిగేది.

"పోయిండా?"

"పోయిండత్తా."

అప్పుడు బయటికి వచ్చేది. నేను మాటలు నేర్చినప్పటి నుంచి చేసిన ఉద్యోగం అది. ఇక రైలు దగ్గరికి ఆమె రావడమనే మాటే లేదు. ఊరంతా చూసిన ఆ బండిని ఆమె తిరుగుతుండగా ఒక్కసారి చూడలేదు.

మేనత్త దేవత అనుకునేరు. నోరు విప్పితే వీధి దద్దరిల్లేది. అన్నం పారేస్తే గంటెతో కొట్టేది. ఆమె కొట్టినంతగా నన్ను ఎవరూ కొట్టలేదు. కానీ నీళ్ళు పోసేటప్పుడు నా తొడల మీద నల్లగా కమిలిన చారలు చూసింది ఆమె ఒక్కతే. తన పాత చీర అంచు బారెడు చించి నా చేతిలో పెట్టింది.

"నడుముకు చుట్టుకొని గా ఇనుప కడ్డీకి ముడెయ్యి. ఒక్క ముడి గాదు, రెండు ముళ్లు. మీ బాపుకు కనబడనియ్యకు."

ఒక పది రోజులు సుఖపడ్డానేమో. తర్వాత బాపు కంట్లో పడింది. "ఏందే ఇది? పిల్లను కట్టేసినట్టు కనబడితే గిరాకి వస్తదా?" అని జనం ముందే ముడి విప్పి, ఎడ్ల కాళ్ళ దగ్గరకు విసిరేశాడు. ఆ గుడ్డ ముక్కను పేడలోంచి నేనే ఏరుకున్నాను. తండ్రి మీద ఇంత కక్ష ఏమిటని కొందరు నన్ను అడుగుతారు. వాళ్ళ తండ్రులు వాళ్ళ ముడి విప్పి ఉండరు.

ఎనభైల్లోకి వచ్చాక ఎక్కడి నుంచో ట్యూబులైట్లు చుట్టిన పెద్ద జెయింట్ వీల్ ఎగ్జిబిషన్‌కు దిగింది. మోటారుతో తిరిగేది. జనం అటు మళ్ళారు. మా ఎడ్లను చూసి నవ్వేవాళ్ళు కూడా. బాపుకు నిద్ర పట్టలేదు. "ఇంక ఎత్తు లేపుత. అప్పుడు ఎటు పోతరో సూస్త" అని మూడో మిట్టను విప్పి, దాదాపు మొదటి దానంత ఎత్తు చేశాడు. వేసవి ఎగ్జిబిషన్ మొదలయ్యే నాటికి తయారవ్వాలని రాత్రీ పగలూ ఒకటే కొట్టుడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను పెద్దమనిషినయ్యాను. చాప మీద కూర్చోబెట్టి, సిగ్గుపడమని అందరూ చెబుతుంటే నేను లోలోపల పండగ చేసుకున్నాను. ఎందుకంటే అమ్మ ఆ రోజు మొదటిసారి బాపుతో గట్టిగా ఒక మాట అంది: "ఇగ పిల్లను నలుగుట్ల ఎక్కియ్యద్దు." బాపు కాదనలేదు. గోడ అవతలి నుంచి ఆయన మాట స్పష్టంగా వినిపించింది.

"సరే తియ్. చిన్నది ఉంది గద."

నా పండగ అంతటితో అయిపోయింది.

చిన్నది అంటే నా చెల్లె. అప్పుడు దానికి నేను మొదటిసారి ఎక్కినప్పటి వయసే. కానీ నాలో సగం ఉండేది. ఎప్పుడూ దగ్గు, జ్వరం, దవాఖాన. గౌను భుజాల మీద నిలిచేది కాదు. ముందు డబ్బాను రంగు వేయడానికి ఇంటికి తెచ్చి వాకిట్లో పెట్టారు. ఎవరూ లేనప్పుడు చెల్లెను అందులో కూర్చోబెట్టి కడ్డీ దింపాను. అది కడ్డీ కింది నుంచి జారి, ఇవతలికి వచ్చి, కిలకిల నవ్వింది. ఆట అనుకుంది. మళ్ళీ కూర్చోబెట్టాను, మళ్ళీ జారింది. రెండో మిట్ట మీద నన్ను గాల్లోకి లేపిన బండి ఇది. ఆ కొత్త మిట్ట మీద దీన్ని ఏం చేస్తుందో నాకు ఒళ్ళంతా తెలుసు. తల తిప్పితే గడప మీద బియ్యం చాట ఒళ్ళో పెట్టుకుని మేనత్త చూస్తోంది. చేతులు ఆగిపోయి ఉన్నాయి.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె బాపును అడిగింది.

"తమ్మీ, కొత్త మిట్ట కట్టినవ్. ముందుగాల ఇసుక బస్తాలేసి తిప్పి సూడరాదు? మనుషులు తర్వాత ఎక్కుతరు."

బాపు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆమెను చూశాడు.

"ఇసుక బస్తాతోని బోణి జేస్తరా ఎవలన్న? రోజంత ఇసుకే అయితది."

"పిల్ల జారుతాందిరా. నేను సూసిన."

"అక్కా, బోణి ముచ్చట్ల నువ్వు నోరు పెట్టకు. నీకు తగదు."

నీకు తగదు అనే ఆ మాటకు అమ్మ తల దించుకుంది, నేను కంచం నెట్టేశాను. మేనత్త మాత్రం, అంత నోరున్న మనిషి గమ్మున లేచి కంచాలు తీసింది. ఆమెకు అవమానమైందనుకున్నాను నేను. ఆమె ఆలోచిస్తోందని నాకు తట్టలేదు.

ఎగ్జిబిషన్ మొదటి సాయంత్రం. మామూలు కంటే ఎక్కువ జనం, కొత్త మిట్ట సంగతి ఊరంతా పాకింది. చెల్లెకు నా పాత పట్టు లంగానే కుదించి కట్టారు. కనకాంబరాల బరువుకే దాని మెడ వంగిపోయింది. చక్రాలకు పసుపు కుంకుమ పెట్టారు. మోట తాత ఎడ్లను తాడుకు కట్టాడు. నేను ఎడ్ల పక్కన నిలబడ్డాను. జేబులో పెట్టుకున్నట్టు నా ఓణీ చెంగులో ఆ పాత గుడ్డ ముక్క ముడివేసి ఉంది. బాపు వద్దన్నా జనం ముందే చెల్లెకు కట్టేయాలని తెగించి వచ్చాను. కట్టినా అది ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

బాపు కొబ్బరికాయ కొట్టడానికి వంగాడు. లేచి చూసేసరికి ముందు డబ్బాలో మేనత్త కూర్చుని ఉంది.

ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది ఎవరూ చూడలేదు. బొట్టు లేని ముఖం, నెత్తి మీదుగా చీర కొంగు, కడ్డీ ఒళ్ళోకి దించుకుని, రెండు చేతులతో పట్టుకుని, నిటారుగా. జనంలో గుసగుస మొదలై, వెనక వరుసల దాకా పోయింది. బోణి బండిలో ఎవరు కూర్చున్నారో చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు.

"అక్కా, దిగు" అన్నాడు బాపు.

"దిగ."

"నీకు పిస లేసిందా? నలుగురు సూస్తాన్రు. దిగు, నీ కాళ్లు మొక్కుత."

"మొక్కు. దిగ. ఎడ్లను తోలుమను."

బాపు మోట తాత వైపు చూశాడు. ముసలాయన అప్పటికే ఎడ్ల దగ్గర నుంచి దూరం జరిగి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను తోల మేస్త్రీ. గీ బోణికి నేను తోల" అన్నాడు. బాపు ధైర్యం తెచ్చుకుని మేనత్తను చెయ్యి పట్టి లాగబోయాడు.

అప్పుడు నేను నాలుక అంగిటికి కొట్టి "హొహోయ్" అన్నాను.

అన్నేళ్ళు ఆ కేక విన్నదాన్ని, నాకు రాదా? ఎడ్లకు కేక కావాలి కానీ ఎవరు వేస్తే ఏమిటి? నడిచాయి. తాడు బిగిసింది. డబ్బా కుదుపుతో కదిలింది. బాపు చెయ్యి జారిపోయింది. ఆయన పక్కనే పరుగెత్తాడు, కొంతదూరం పోయాక పరుగెత్తే చోటు అయిపోయింది. ఆ కేక వేసింది నేనే అని ఈ రోజుకూ నాకు గర్వం. నా జీవితంలో అంతకంటే మంచి పని చేసిన గుర్తు లేదు.

పైన బండి ఆగింది. మేనత్త గుట్టల వైపు తల తిప్పి చూసింది. కొక్కెం ఊడింది. మొదటి మిట్ట. రెండో మిట్ట. ఆమె నోరు తెరవలేదు. మూడో మిట్ట మీద, బాపు రాత్రీ పగలూ కొట్టి ఎత్తు చేసిన దాని మీద, ముందు డబ్బా చక్రాలు పట్టా వదిలి లేచాయి. జనమంతా ఒక్కసారి "అయ్యో" అన్నారు. ఆమె పీట మీద లేదు. పీటకూ ఆమెకూ మధ్య అవతలి ఆకాశం కనిపించింది. పెద్ద మనిషి కాబట్టి కడ్డీ తొడలకు తగిలి ఆపింది. చక్రాలు మళ్ళీ పట్టా మీద పడ్డాయి, ఆమె ముఖం పోయి కడ్డీకి కొట్టుకుంది.

బండి వచ్చి ఆగింది. బాపు పరుగెత్తుకొచ్చాడు. ఒట్టు, ఆ రోజు కూడా ముందు చక్రాల వైపే వంగబోయాడు. మేనత్త అతని జబ్బ పట్టుకుని లేపింది. నోటి నిండా రక్తం. అరచేతిలోకి ఉమ్మింది. అందులో ఆమె ముందు పన్ను ఉంది. దాన్ని ఆయన ముఖం ముందు పెట్టింది.

"సూడు తమ్మీ. నాదైతే పన్ను పోయింది. దానిదైతే ఏం పోతుండె?"



"బోణి అయింది. ఇగ నడుపుకో" అని ఆమె దిగి, జనం దారి ఇస్తుంటే నడిచి వెళ్ళిపోయింది. నేను చెల్లెను ఎత్తుకుని ఆమె వెనకే పోయాను.

ఆ సాయంత్రం ఒక్క మనిషి ఎక్కలేదు. పట్టా వదిలి లేచిందని కాదు, అది చూసి కొందరికి ఇంకా హుషారు వచ్చింది. ముండమోసినామె బోణి చేసిన బండి అని ఎక్కలేదు. మోట తాత అక్కడికక్కడే తాడు విప్పి, "ఈ బండికి నా ఎడ్లను కట్ట మేస్త్రీ, నా పిల్లలు సల్లగుండాలె" అని మర్నాడు పొద్దున్నే ఊరికి దారి పట్టాడు. బాపు అయ్యగారిని పిలిచి శాంతి చేయించాడు, మోటారు అద్దెకు తెచ్చాడు. "మొదటి సుట్టు ఊకెనే, టిక్కెట్టు లేదు" అని అరిచాడు. నిలబడి చూసినవాళ్ళు చూశారు. ఎవరో అన్నారు, "ముందుగాల నీ బిడ్డను ఎక్కియ్యి, తర్వాత మేం ఎక్కుతం" అని.

ఆయన నిజంగానే ఇంటికి వచ్చాడు, చెల్లె కోసం. ఇంకోసారి మంచి బోణి పడితే దోషం పోతుందని అయ్యగారు చెప్పారట. అప్పుడు మా అమ్మ, నోట్లో నాలుక లేని మా అమ్మ, వాకిలికి అడ్డం నిలబడింది. మెడలో పుస్తెలతాడు పిడికిట పట్టుకుంది.

"పిల్లను ముట్టుకున్నవంటే దీన్ని తీసి గూట్ల పెట్టి నేను సుత ఎక్కుత. మీ అక్క ఒక్కతే ఎక్కింది, రేపు ఇద్దరం ఎక్కుతం. ఏం చేస్తవో చెయ్యి."

ఆ మాట అనే మనిషి ఆమె అని ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. ఆయన తిరిగి వెళ్ళిపోయాడు. అమ్మ మీద నా కోపం ఆ రోజుతో చాలావరకు పోయింది.

దుంకుడు రైలు చరిత్ర అంతే. విప్పి లారీలో తెచ్చి మా వాకిట్లో కుప్ప పోశారు. ఇనుము అమ్మడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. పట్టాలు తుప్పు పట్టాయి, వాటి మీద బట్టలు ఆరేసేవాళ్ళం. వెనక డబ్బాల్లో కోళ్ళు పెట్టాం. బాపు మళ్ళీ గేట్లు చేసుకున్నాడు. అరవైలో పడేదాకా గేట్లే చేశాడు, బాగానే చేశాడు.

ముందు డబ్బా మాత్రం వాకిలికి ఎదురుగా పడి ఉండేది. దింపినవాళ్ళు అక్కడ దింపారు, జరపడం ఎవరి వల్లా కాలేదు. మర్నాటి నుంచి మేనత్త పొద్దున్నే బియ్యం చాట తీసుకుని వెళ్ళి అందులో కూర్చోవడం మొదలుపెట్టింది. బాపు చెప్పులు తొడుక్కుని గడప దాటితే ఎదురుగా ఆమె. లేచేది కాదు. ముందు పన్ను లేని నోరు నిండా తెరిచి నవ్వేది. "పోతానవా తమ్మీ? పోయిరా" అనేది. ఆయన వెనక్కి తిరిగి లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేవాడు. ఆమె అక్కడే. కొన్నాళ్ళు తిట్టాడు, కొన్నాళ్ళు బతిమాలాడు. ఆమె రాళ్ళు ఏరుకుంటూనే ఉండేది.

చివరికి ఆయన తాపీ మేస్త్రీని పిలిపించి, ఆమె అన్నేళ్ళు దాక్కున్న వెనక గది గోడ పగలగొట్టించి, అక్కడ ఒక దర్వాజ పెట్టించుకున్నాడు. దాని అవతల మురిక్కాలువ, ఆపైన సందు. రోజూ ఆ గదిలోంచే పోయేవాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా.

ముందు వాకిట్లో ఎండలో, రంగు వెలిసిన ఆ డబ్బాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, మేనత్త వీధి వీధంతా వినేలా అడిగేది.

"పోయిండా?"

నేను అంతకంటే గట్టిగా చెప్పేదాన్ని.

"పోయిండత్తా! దొడ్డి దిక్కు నుంచి!"